కూర చేప

కిందటి వారం మనం త్రిమూర్తులు ఇంటి పెరట్లో ఆగిపోయాం. ఆగిన చోటు కూడా మామూలుది కాదు, సగం చీల్చిన చేప పొట్ట దగ్గర. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లు కంగారు పడకండి, నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

చింతలమెరకలో త్రిమూర్తులుకి చేపల చెరువులున్నాయి. అన్నింట్లోనూ పండుగప్ప చేపే. రోజూ తెల్లారగట్ల టౌన్లో కోళ్ల షాపుల్లో మిగిలిన చెత్తంతా డ్రమ్ముల్లో వస్తుంది. పేగులు, తోళ్లు, కాళ్లు, ఈకలు, ఏదీ వదలకుండా తెచ్చి ఆ నీళ్లలో గుమ్మరిస్తారు. అది మింగి చేప గబగబా ఒళ్లు చేస్తుంది. ఒళ్లు చేసిన చేప ఐసు పెట్టెల్లో కలకత్తా పోతుంది. ఆ ఇంట్లో మాత్రం ఆ చేప ముక్క పొయ్యెక్కదు. చెరువులు తవ్విన ఏడాదే ఇంటావిడ సత్యవాణి పెట్టిన కట్టుబాటు అది. వాళ్లు తినేదీ పండుగప్పే, కానీ గోదావరిలో పట్టిన ఏటి చేప. పల్లెపాలెం లోవమ్మ యానాం రేవులో కొని తట్టలో పెట్టుకుని తెస్తుంది, పెరట్లో కూర్చుని కోసి ఇస్తుంది, సత్యవాణి పులుసు పెడుతుంది.

సరిగ్గా పెద్ద చెరువులో వల లాగి చేపంతా పట్టే రోజున, అదే పట్టుబడి రోజున, లోవమ్మ తెచ్చిన ఆ ఏటి చేప పొట్టలోంచి కోడి ఈక బయటపడింది. కడుపుతో ఉండి పురిటికి పుట్టింటికి వచ్చిన శ్రీదుర్గ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తి, "అమ్మా, గోదాట్లో కోళ్లు ఈదుతాయా?" అని అడిగింది.

అదీ సంగతి. ఇక వినండి.

సత్యవాణి ఆ ఈక వంక చూసింది. తెల్ల ఈక, తడిసి, నెత్తురు అంటుకుని, కూతురి వేళ్ల మధ్య వేలాడుతోంది.

"గాలికి ఎగిరొచ్చి పడుంటుందిలే. పారెయ్" అంది.

"గాలికి ఎగిరొచ్చి చేప పొట్టలో పడిందా?"

లోవమ్మ అప్పటికే పొట్టలో సరుకంతా చేత్తో ఊడ్చి తన తట్టలో వేసుకుంటోంది. ఆవిడకది అలవాటే. చేప కోశాక పేగులు, మొప్పలు ఇక్కడ పారెయ్యకుండా తనతోనే పట్టుకుపోతుంది. పెరట్లో నీచు వాసన లేకుండా చూసుకుంటుందని, అంత శుభ్రం ఇంకెవరికీ ఉండదని సత్యవాణి నలుగురి దగ్గరా మెచ్చుకునేది. ఇవాళ ఆ చేతులు మరీ తొందరపడుతున్నాయి.

"ఏటి గట్టుమీద చికెన్ షాపులోళ్లు సంచులు సంచులు పారబోత్తన్నారండి అమ్మగారూ" అంది లోవమ్మ, తల ఎత్తకుండానే. "చేపకేం తెలుసుద్దండి. దొరికింది దొరికినట్టు మింగేత్తది."

సత్యవాణికి ప్రాణం లేచొచ్చింది. అవును మరి, గట్లమీద పారేస్తూనే ఉన్నారు, మొన్న పేపర్లో కూడా వేశారు. ఆ మాట పట్టుకుని గండం గడిచిపోతుందనుకుంది. నమ్మాలని ఉన్నప్పుడు మనిషికి ఎంత చిన్న ఆధారమైనా చాలు కదండీ.

శ్రీదుర్గ నమ్మలేదు. వంగలేక వంగి, లోవమ్మ తట్టలోకి చూసింది. పేగుల మధ్య గోళ్లతో సహా ఒక కోడి కాలు కనిపించింది. పక్కన ఇంకో తోలు ముక్క.

"ఒక్క ఈకే కాదమ్మా, కోడి మొత్తం ఉన్నట్టుంది. ఇలా రా, చూద్దువుగాని."

సత్యవాణి రాలేదు. నిలబడ్డ చోటే నిలబడి, "లోవమ్మా" అంది. "ఇది ఏటి చేపేనా?"

"ఆయ్."

"యానాం రేవులో కొన్నదేనా?"

"ఆయ్, అమ్మగారండి."

"అయితే నీ మనవడి మీద ఒట్టేసి చెప్పు."

లోవమ్మ చెయ్యి ఆగింది. ఒట్టంటే మాటలా? మూడో ఏడు నడుస్తోంది ఆ మనవడికి. కొడుక్కి పెళ్లయిన ఇన్నేళ్లకి ఒక్కడు. వాడి పేరెత్తితే ఆవిడ మొహం మారిపోతుంది. నెత్తురు చేతులు చీర చెంగుకి తుడుచుకుంది. కాకి ఒకటి గోడమీద వాలి తట్ట వంక చూస్తోంది. దాన్ని అదిలించడానికి కూడా ఎవరికీ చెయ్యి లేవలేదు.

"ఒట్టెయ్యవే!" అంది సత్యవాణి. గొంతు పెరట్లోంచి వీధిలోకి వినిపించేంత లేచింది.

"వాడి మీద ఒట్టు పెట్టకండమ్మా" అంది లోవమ్మ. "ఏటిది కాదండి. మీ పెద్ద చెరువుదేనండి. మా ఆయనకి కూరకిచ్చారండి పొద్దున్న."

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. ఈ డెల్టాలో ఏ చెరువు పట్టినా ఒక మర్యాద ఉంది. వల లాగిన ప్రతి మనిషికీ కూలి కాక ఒక చేప ఇస్తారు, ఇంటికి పట్టుకెళ్లి వండుకోమని. దాన్నే కూర చేప అంటారు. లోవమ్మ మొగుడు అబ్బులు ఒకప్పుడు గోదావరిలో సొంత పడవ మీద వేటకి వెళ్లినవాడు. ఇప్పుడు త్రిమూర్తులు చెరువుల్లోనూ, చుట్టుపక్కల చెరువుల్లోనూ వారానికొకచోట వల లాగుతాడు. సత్యవాణి చెయ్యి ధారాళం. పట్టుబడి అయినప్పుడల్లా "అబ్బులుకి ఇంకోటి ఎక్కువ ఇవ్వండి, పాపం" అని గుమాస్తాకి చెప్పి పంపేది. ఆ ఎక్కువ ఇచ్చినదే తట్టలో పడి, ఆకు కప్పుకుని, వీధి చుట్టూ తిరిగి ఆవిడ పెరట్లోకే వచ్చి దిగేదన్నమాట. పైగా ఆవిడ మొప్పలు ఎత్తి చూసి, "యానాం నుంచి ఇంత దూరం తెచ్చినా ఎంత ఎర్రగా ఉన్నాయే! నీ చేతి మహిమ లోవమ్మా" అనేది. ఎర్రగా ఉండక ఏమవుతాయి? చెరువు గట్టు నుంచి పెరటి గుమ్మానికి ఎంత దూరమని!

"ఎన్నాళ్ల నుంచీ?" అంది సత్యవాణి.

"మూడేళ్లవుతాదండి."

"మూడేళ్లు! నా ఇంట్లో కూర్చుని, నా చేతి టీ తాగి, నా మొహం చూసి ఏటిదని చెప్పావుటే? దొంగముండా! కడుపుతో ఉన్న పిల్ల తింటుందని తెలిసి కూడా తెచ్చావా?"

"తెలుసండి."

తెలీదంటుందనుకుంది సత్యవాణి. తెలీదంటే ఇంకో నాలుగు తిట్టి, వెళ్లగొట్టి, తలుపేసుకునేది. లోవమ్మ తెలుసనేసరికి ఏం తిట్టాలో తోచలేదు.

"మరి మాకు ఏటి చేప ఎక్కడ దొరుకుద్దండి?" అంది లోవమ్మ. ఇప్పుడు తల ఎత్తింది. "మీ చెరువు నీళ్లన్నీ డ్రెయిన్లోకి తోడేత్తారు. మీరే కాదండి, అందరూను. ఆ నీళ్లు వచ్చి పాయలో కలుత్తాయి. చేపలు చచ్చి తేలిపోతే మేం పుట్టెడు ఏడుపు ఏడ్చాం, ఎవరన్నా వచ్చి చూశారా అండి? పడవ అమ్మేసుకున్నాం. రేవులో దొరికే నాలుగూ పెద్ద పెద్ద హోటళ్లోళ్లు పట్టుకుపోతారు, నాలాంటిదాన్ని దగ్గరికి రానివ్వరు. మీరేమో వారం వారం ఏటి చేప తెమ్మంటారు. లేదని రెండుసార్లు చెప్పాను. గుర్తుందా అండి? మూడోసారి వేరే మనిషిని చూసుకుంటానన్నారు."

గుర్తుంది సత్యవాణికి. నవ్వుతూనే అంది ఆ మాట.

"అందుకని ఇది తెస్తావా? నీ ఇంట్లో నువ్వు తినాల్సింది..."

"మా ఇంట్లో మేం తినలేదండి!" లోవమ్మ గొంతు చీరుకుపోయింది. "మొదట్లో వండాను. మా అబ్బాయి కంచం తోసేశాడు. కామందులే తినని చేప మనకెందుకే అన్నాడు. మీరు తినరని ఊరంతా తెలుసు కదండీ. మా కోడలు కడుపుతో ఉన్నప్పుడు, గుర్తు చేసుకోండి, మీరే పంపారు. కడుపుతో ఉన్న పిల్లకి పెట్టవే, బలమని. రెండు పెద్ద చేపలు. మీ అమ్మాయికి పెట్టరు గానీ మా కోడలికి బలమా అండి అది? ఆ రోజు ఆ రెండు చేపలూ పట్టుకుని మా వాకిట్లో చాలాసేపు కూచున్నాను. పారేద్దామంటే చేతులు రాలేదు. తెచ్చి మీకే ఇచ్చేశాను. ఏటిదేనా అని అడిగారు. ఆయ్ అన్నాను. అంతేనండి."

ఎవరైనా చెంప మీద కొట్టినా సత్యవాణికి అంత మండేది కాదు. అవును, పంపింది. పుణ్యం చేస్తున్నాననుకుని పంపింది. ఆ రాత్రి మొగుడికి చెప్పుకుని, మంచిపని చేశావని అనిపించుకుంది కూడా. తన వంటింట్లోకి రానివ్వని దాన్ని ఇంకొకళ్ల వంటింట్లోకి పంపుతున్నానని ఒక్కసారైనా తోచిందా? తోచలేదు. లోవమ్మ మీద కోపం పోలేదు, ఇంకా పెరిగింది. నిజం చెప్పిన మనిషి మీద వచ్చే కోపం అంత తొందరగా పోదు.

"ఇవాళ మటుకు తేకూడదనుకున్నానండి" అంది లోవమ్మ, చిన్నగా. "చెరువుకి మందేశారని మా ఆయన చెప్పాడు. మీరే కబురెట్టారు, కొనేవాళ్లు భోజనానికొత్తన్నారు, పెద్దది తెమ్మని."

"మందేంటి?" అంది శ్రీదుర్గ.

లోవమ్మ మళ్లీ తట్ట మీదకి వంగింది.

"అమ్మా, నిన్నే. మందేంటి?"

సత్యవాణికి అదీ తెలుసు. కిందటి వారం చేపల ఒంటిమీద పుండ్లు లేచాయి. త్రిమూర్తులు టౌన్‌కి పోయి మందు తెచ్చి మేతలో కలిపించాడు. మందు వేశాక కొన్నాళ్లపాటు చెరువు పట్టకూడదు, ఒంట్లోంచి అది దిగిపోవాలి. కానీ రేటు బాగుంది. "ఆగితే రేటు పడిపోద్దే సత్యా" అన్నాడు. నిన్న సాయంత్రం కొనుగోలుదారు విజయ్ పాల్ వచ్చి అరుగుమీద కూర్చుని, "మందేమీ తగల్లేదు కదండీ? తగిలిందంటే మటుకు లారీ తిప్పేస్తానండి" అన్నప్పుడు కాఫీ గ్లాసు అందిస్తున్నది ఆవిడే. "ఛ ఛ, మా చెరువుకా!" అన్నాడు త్రిమూర్తులు. ఆవిడ గ్లాసు అందించి లోపలికి వచ్చేసింది.

ఈ మాటలన్నీ ఇప్పుడు కూతురికి చెప్పింది. చెప్పక తప్పలేదు.

శ్రీదుర్గ కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి మళ్లీ కడుక్కుంది. వచ్చిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు తిందో లెక్కేసుకుంటోందని సత్యవాణికి తెలుసు. తనే కొసరి కొసరి వడ్డించింది, ముల్లు తీసి మరీ పెట్టింది.

"పోనీలే అమ్మా, ఇంతకుముందు తిన్నదానికి మందు లేదుగా" అంది సత్యవాణి. అంటూనే సిగ్గేసింది.

"ఇక్కడి సంగతి కాదు నేను ఆలోచించేది" అంది శ్రీదుర్గ. కుళాయి కట్టలేదు, నీళ్లు పోతూనే ఉన్నాయి. "మేముండే కలకత్తాలో ఏం దొరుకుతుందో తెలుసా నీకు? పండుగప్ప. అక్కడ దాన్ని భెట్కీ అంటారు. ఆయన జీతం రాగానే మొదట కొనేది అదే. చేపలవాడు ఆంధ్రా సరుకు దీదీ అంటే నాకెంత సంబరమో! మన గోదావరి జిల్లాదేమో, మన ఊరిదేమో అని ఇంకో ముక్క ఎక్కువ కొనేదాన్ని. ఆ రోజే నీకు ఫోన్ చేశాను. అమ్మా, ఇక్కడ మన చేప దొరుకుతోందే అని. ఏమన్నావు నువ్వు?"

సత్యవాణి వెళ్లి కుళాయి కట్టేసింది.

"బాగా కడిగి వండుకోమన్నావు."

అంతే అంది ఆ రోజు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లో నిలబడింది. చెరువు వైపు కిటికీ ఉంటుంది ఆ వంటింటికి. వాసన వస్తోందని మేకులు కొట్టించి మూసేసి ఎన్నో ఏళ్లయింది. ఆ మూసిన కిటికీ వంక చూస్తూ, కలకత్తాకి పోయే చేపంతా మన చెరువుదే కాదుగా అని సర్దిచెప్పుకుంది. ఎవరో ఎక్కడో తింటారు అని ఇన్నాళ్లూ అనుకున్నవాళ్లలో తన కూతురూ అల్లుడూ ఉన్నారని తెలిసినా, నోరు విప్పలేదు. ఏమని విప్పుతుంది? మీ నాన్న అమ్మే చేప తినకే అనాలి. ఆ పిల్ల చదువూ, పెళ్లీ, ఒంటిమీద బంగారమూ అన్నీ ఆ చేపే కదా పెట్టింది.

"తిట్టవే నన్ను" అంది కూతురితో.

"తిట్టి ఏం చేస్తాను?" అంది శ్రీదుర్గ. "ఇవాళ లారీ ఎక్కడికి?"

"కలకత్తాకే."

లోవమ్మ లేచి తట్ట నెత్తిన పెట్టుకోబోయింది. పొట్ట తీసిన చేప గిన్నెలో ఉంది. దాన్ని కూడా తట్టలో వేసుకుంటుంటే సత్యవాణి ఆ గిన్నె లాక్కుంది.

"ఇది ఇక్కడ ఉంచి పో."

"వద్దండమ్మా, పారేత్తాను."

"ఉంచి పొమ్మన్నానా!"

లోవమ్మ భయంగా చూసి వెళ్లిపోయింది. సత్యవాణి ఆ చేపని తనే ముక్కలు కోసి, పసుపూ ఉప్పూ వేసి కడిగింది. ఎప్పుడూ కడిగినట్టే కడిగింది. చింతపండు నానేసింది, ఉల్లిపాయలు వేయించింది, దాక పొయ్యిమీద పెట్టింది. కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది. పులుసు మరిగి వాసన వచ్చింది. ఎప్పటి వాసనే. తేడా ఏమైనా తెలుస్తుందేమోనని సత్యవాణి ముక్కు దగ్గర పెట్టి చూసింది. ఏమీ తెలియలేదు. మూడేళ్లు తెలియనిది ఇవాళ తెలుస్తుందా?

ఆవిడ మనసులో ఉన్నది ఒక్కటే. మొగుడికి ఇది తెలియాలి. నోట్లో ముద్ద ఉండగా తెలియాలి.

మధ్యాహ్నానికి పట్టుబడి అయిపోయింది. ఐసు పెట్టెలు ఎక్కించుకుని లారీ ఇంటిముందు రోడ్డుమీదకి వచ్చి ఆగింది. త్రిమూర్తులు విజయ్ పాల్‌ని వెంటబెట్టుకుని కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు. మాంచి హుషారు మీద ఉన్నాడు.

"సత్యా, వడ్డించేయ్! విజయ్ పాల్ గారికి ఆకలి దంచేస్తోంది."

"పులుసు వాసన వీధి దాకా వస్తందండి అక్కయ్యగారూ" అన్నాడు విజయ్ పాల్, కుర్చీ లాక్కుంటూ.

"రాదా మరి! మా ఇంట్లో ఏటి చేప తప్ప ఇంకోటి ముట్టమండి. యానాం రేవు సరుకు. తిని చెప్పండి."

విజయ్ పాల్ ముక్క చిదిపి, అన్నంలో కలిపి, కళ్లు మూసుకుని నమిలాడు. "అబ్బ! ఏటిది ఏటిదేనండి. చెరువు చేపకి ఈ రుచి రమ్మంటే వస్తుందా?"

"తలకిందులుగా తపస్సు చేసినా రాదండి!" అని త్రిమూర్తులు పెద్దగా నవ్వి ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

"మన చెరువుదేనండి అది" అంది సత్యవాణి.

"ఏంటీ?"

"మన పెద్ద చెరువు చేప. పొద్దున్న మీరు పట్టించిందే. అబ్బులుకి కూర చేప ఇచ్చారుగా, అది లోవమ్మ తెచ్చి మనకే అమ్మింది. ఇవాళే కాదు, మూడేళ్ల నుంచీ మనం తింటున్నది అదే."

విజయ్ పాల్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. త్రిమూర్తులు నోట్లో ముద్ద ఉంది. మింగలేదు, ఉమ్మలేదు, ఒక బుగ్గలోకి తోసి, "ఎగతాళి లెండి, మా ఆవిడకి వేళాపాళా ఉండదు" అన్నాడు. మొహంలో రంగు లేదు.

సత్యవాణి అనుకున్నది అక్కడివరకే. ఆ మొహం చూడాలనుకుంది, చూసింది. కానీ లోపలి గదిలోంచి శ్రీదుర్గ కంచం పట్టుకుని వచ్చి తండ్రికి ఎదురుగా కూర్చుంది.

"నాకూ వెయ్యమ్మా."

"నువ్వు లోపలికి పో."

"ఎందుకు పోవాలి? నాన్న తింటున్నారు, విజయ్ పాల్ గారు తింటున్నారు. కలకత్తాలో నాలాగ కడుపుతో ఉన్నవాళ్లు ఎంతమంది తింటారో. నాకేం వచ్చింది?" తండ్రి కళ్లలోకి చూసింది. "తినొచ్చా నాన్నా? ఏం కాదుగా?"

సత్యవాణి గరిటె పట్టుకుని కొయ్యబారిపోయింది. ఇది తను తలపెట్టింది కాదు. మొగుడి వంక చూసింది. వద్దమ్మలూ, తినకు అనాలి. ఆ ఒక్క మాట చాలు. ఆ మాటంటే విజయ్ పాల్ ఎందుకని అడుగుతాడు, మందు సంగతి బయటపడుతుంది, లారీ వెనక్కి తిరుగుతుంది. తిరగనీ. ఆ మాట అంటే ఈ ముప్ఫై ఏళ్ల కాపురంలో దాచుకున్న కోపమంతా మర్చిపోతాను, ఈ మనిషి కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను అనుకుంది. అను, అను అని లోపల్లోపల మొత్తుకుంది.

త్రిమూర్తులు కూతురి వంక చూశాడు. విజయ్ పాల్ వంక చూశాడు. కిటికీలోంచి లారీ వంక కూడా చూశాడు.

"తినమ్మా" అన్నాడు. "మన చేపేగా, ఏం కాదు. సత్యా, పిల్లకి వెయ్యి."

ఇంతేనా మనిషి! సత్యవాణికి ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. గరిటె కదల్లేదు. శ్రీదుర్గ కంచం అలాగే చాచి పట్టుకుని ఉంది, తండ్రి మొహం మీంచి చూపు తిప్పలేదు.

విజయ్ పాల్ గ్లాసు తీసుకుని కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. అన్నం సగానికి సగం అలాగే ఉంది. "కడుపు నిండిపోయిందండి అక్కయ్యగారూ" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, చేతిరుమాలుతో మూతి తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు.

"మందు సంగతి నాకు మొన్ననే తెలుసండి త్రిమూర్తులు గారూ. మేత కొట్టులో చెప్పారు. లారీ తిప్పేస్తానన్నది మాటవరసకండి. అందరూ అంటారని అంటాను." గొంతు తగ్గించాడు. "అమ్మాయిగారిని మటుకు తినమనకుండా ఉండాల్సిందండి. మనం తినడానికా అండి ఇది?"

బయటికి వెళ్లి, "ఒరే, బండి తియ్యరా!" అని కేకేశాడు.

త్రిమూర్తులు బుగ్గలో దాచుకున్న ముద్దని కంచంలోకి ఉమ్మేశాడు. నీళ్లు పుక్కిలించి మళ్లీ ఉమ్మాడు. సత్యవాణి చూస్తూనే ఉంది. అప్పుడు గానీ అతనికి కూతురు గుర్తు రాలేదు. "అమ్మలూ..." అంటూ ఎదుటి కుర్చీ వైపు తిరిగాడు.

కుర్చీ ఖాళీగా ఉంది. కంచం బల్లమీద ఉంది. వీధి తలుపు తెరిచి ఉంది.

బయట లారీ ఇంజను మోగింది. వెంటనే హారన్ మోగింది, ఆగకుండా మోగింది. దాని మీంచి డ్రైవరు అరుపు వినిపించింది. "లేవండమ్మా! అడ్డం లేవండి! కడుపుతో ఉన్న మనిషి చక్రాల ముందు అలా కూర్చుంటే నేనేం చేసేది?"

త్రిమూర్తులు కుర్చీలోంచి లేవలేదు. సత్యవాణి అతని వంక చూడలేదు. ఇది ఇక ఊరంతటికీ తెలియాలి అనుకుంటూ గరిటె బల్లమీద పడేసింది. పులుసు దాక ఇంకా కాలుతోంది. చీర చెంగుతో దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, తొణకకుండా, వీధిలోకి, కూతురి దగ్గరికి నడిచింది.